మెత్తబడిన ఉక్కు

డయల్ మీద ముల్లు యాభై రెండు దగ్గర ఆగింది. కోమలవల్లి కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసింది. యాభై రెండే. అద్దాలు తుడిస్తే అంకెలు మారే పనైతే లోకంలో ఇన్ని కష్టాలు ఉండేవే కావు.

"ఎంతొచ్చింది కోమలమ్మా?" అని వెనక నుంచి సీమోను అడిగాడు.

 సీమోను అప్పటికే తన లెక్క చెప్పి ఉన్నాడు. ఉక్కు ముక్కను ఆకురాయితో ఒక్కసారి రాకి, ఆ చప్పుడు విని, యాభై ఏడు అన్నాడు. ముందు ఆయన చెప్పడం, తర్వాత ఆమె మిషన్ మీద చూడడం, ఇద్దరి అంకెలూ కలవడం, ఇది ఆ షెడ్డులో ఏళ్ళ తరబడి నడుస్తున్న వ్యవహారం. ఎప్పుడైనా ఒక అంకె అటో ఇటో అయ్యేది. అయిదు అంకెల తేడా ఎన్నడూ లేదు.

పురానాపూల్ దగ్గర, మూసీ వాసన తగిలీ తగలనంత దూరంలో, ఒక సందు చివర ఉంది ఆ రేకుల షెడ్డు. గోపాలకృష్ణ హార్డెనింగ్ వర్క్స్ అని బోర్డు. అచ్చులు చెక్కేవాళ్ళు, పనిముట్లు చేసేవాళ్ళు, బ్లేడ్లు కోసేవాళ్ళు తమ సరుకును మెత్తగా తెచ్చిస్తే, ఇక్కడ గట్టిచేసి పంపిస్తారు. చెప్పుకోవడానికి రెండు ముక్కల పని. ఉక్కును భట్టీలో ఎర్రగా కాల్చాలి, తీసి నూనె తొట్టిలో ముంచాలి. ముంచగానే అది గాజంత గట్టిపడుతుంది, గాజంత పెళుసుగానూ తయారవుతుంది. అందుకని మళ్ళీ సన్నటి వేడిలో పెట్టి ఆ బిగువును కాస్త దించాలి. టెంపర్ చేయడం అంటే ఇదే. ఎక్కువ దించితే బ్లేడు మొద్దుబారుతుంది, తక్కువ దించితే విరుగుతుంది. ఎంత దించాలో తెలియడమే అసలు విద్య. ఆ విద్య భట్టీ దగ్గర కూర్చునే సీమోను చేతిలో ఉందని గిరాకీలందరూ అనేవాళ్ళు.

షెడ్డు యజమాని గోపాలకృష్ణ, కోమలవల్లికి అన్న. వాళ్ళది తరతరాలుగా కోవెల కైంకర్యం చేసుకుంటూ వచ్చిన కుటుంబం. నాన్నగారు ఇంకా పొద్దున్నే వెళ్ళి స్వామికి అలంకారం చేసి వస్తారు. కొడుకు ఇనుములో పడ్డాడు. బీయెస్సీ చదివిన కూతురు, పెళ్ళయి పక్క వీధికి కాపురానికి వెళ్ళినా, పగలంతా అన్న షెడ్డులోనే ఉంటుంది. గట్టిదనం కొలిచే మిషన్ ఆమె రాజ్యం.

ఆ మిషన్‌కు కింద ఒక చిన్న ఇనుప పీట, పైన వజ్రపు మొన ఉంటాయి. ముక్కను పీట మీద పెట్టి లీవరు తిప్పితే, వజ్రం బరువుతో ముక్కలోకి దిగుతుంది. ఎంత తక్కువ దిగితే ఉక్కు అంత గట్టిదని లెక్క. ఒక్క అంకె తేడా అంటే వెంట్రుకను నిలువునా ముప్ఫై చీలికలు చేస్తే అందులో ఒక చీలికంత లోతు. అందుకే కోమలవల్లి ఆ మిషన్ దగ్గరికి ఎవరినీ రానిచ్చేది కాదు. పక్కన నిలబడి ఎవరైనా మిక్చరు తింటే కళ్ళెర్రజేసేది. అన్న తుమ్మినా సరే, మెత్తటి గుడ్డ తీసి పీటంతా మళ్ళీ తుడిచేది. మడి కట్టుకుని వంట చేసే ఇంట్లో పుట్టిన మనిషికి శుభ్రం గురించి వేరే చెప్పాలా?

అట్లాంటి మిషన్ దసరా పోయాక యాభై రెండు చూపించడం మొదలుపెట్టింది.

ఆ యాభై రెండు వచ్చిన సరుకు అవద్ భాయ్‌ది. బార్కస్‌లో ఆయనకు చిన్న కారఖానా ఉంది. ఖీమా మిషన్లలో తిరిగే నాలుగు రెక్కల బ్లేడ్లు చేస్తాడు. పాతబస్తీలో సగం మటన్ దుకాణాల్లో ఆయన బ్లేడ్లే తిరుగుతాయి. నూనెలో ముంచి గట్టిచేసే రకం మిశ్రమ ఉక్కు ఆయనది. యాభై ఏడు రావాలి, ఒకటి అటూ ఇటూ పరవాలేదు. ఏళ్ళుగా అదే ఉక్కు, అదే భట్టీ, అదే నూనె, అదే సీమోను. ఇప్పుడు మాత్రం యాభై రెండు, మరో ముక్కకు యాభై, ఇంకో ముక్కకు యాభై మూడు.

ముందు ఉక్కును అనుమానించారు. అవద్ భాయ్‌కి ఫోన్ చేస్తే, అదే దుకాణంలో కొన్నానని, కడ్డీ చివర అదే రంగు పూసి ఉందని, కావాలంటే వచ్చి చూసుకోమని అన్నాడు. తర్వాత నూనె మీద పడ్డారు. నూనె ముసలిదైపోయిందని, వేడిని సరిగ్గా లాగడం లేదని సీమోను గట్టిగా వాదించాడు. తొట్టి మొత్తం ఖాళీ చేయించి కొత్త నూనె పోయించాడు. కొత్త నూనెలో ముంచిన ముక్కకు యాభై ఒకటి వచ్చింది. సీమోను తొట్టి వైపు, అది తనను మోసం చేసినట్టు, చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత భట్టీ వేడి చూపించే మీటరు పోయిందేమోనని మెకానిక్‌ను పిలిపించారు. ఆయన అన్నీ విప్పి, అన్నీ బిగించి, మీటరు బంగారంలా ఉందని చెప్పి చాయ్ తాగి వెళ్ళిపోయాడు.

మిషన్‌ను కూడా చూడలేదని కాదు. అది సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి కంపెనీవాళ్ళు ఇచ్చిన ఉక్కు బిళ్ళ ఒకటి ఉంది. దాని గట్టిదనం దాని మీదే చెక్కి ఉంటుంది. కోమలవల్లి దాన్ని పీట మీద పెట్టి చూసింది. అదీ తక్కువే చూపించింది. కానీ ఆ బిళ్ళ వాడీ వాడీ గుంటలు పడి, కొత్తగా పొడవడానికి చోటు లేకుండా ఉంది. గుంట పక్కన గుంట పడితే అంకె నమ్మడానికి వీల్లేదని ఆమెకు తెలుసు. బిళ్ళకు వయసైపోయిందని అన్నాచెల్లెళ్ళు తేల్చేశారు. కొత్తది తెప్పించమని చెప్పారు, అది ఇప్పట్లో వచ్చేట్టు లేదు. బిళ్ళకు వయసైపోయిందని అనుకున్నాక, సీమోనుకూ వయసైపోయిందని అనుకోవడం పెద్ద కష్టం కాలేదు.

గోపాలకృష్ణ ఆ మాట చెల్లెలితో ఒకరోజు అననే అన్నాడు. ఉక్కు మారలేదు, నూనె మారింది, మీటరు బాగుంది, ఇక మిగిలింది మనిషే కదా అన్నాడు. ఇట్లాగే సాగితే భట్టీ దగ్గర వేరే మనిషిని కూర్చోబెట్టక తప్పదన్నాడు. సీమోనును తీసేయడం తనకూ ఇష్టం లేదని, కానీ గిరాకీలు పోతే షెడ్డు మూసుకోవాల్సిందేనని కూడా అన్నాడు.  సీమోను లేని భట్టీని కోమలవల్లి ఊహించుకోలేకపోయింది. ఊహించుకోలేకపోయినా, అన్న మాటలో తప్పు పట్టడానికి ఆమెకు ఏమీ దొరకలేదు.

సీమోనుకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పకుండానే ఆయనకు అర్థమైంది. ఎర్రటి రంగు చూసి ఉక్కును భట్టీ నుంచి తీసే మనిషి కదా, ముందుగా తన కళ్ళనే అనుమానించాడు. భార్య కాశమ్మను వెంటబెట్టుకుని కంటి ఆసుపత్రికి వెళ్ళి వచ్చాడు. ఎడమ కంట్లో శుక్లం మొదలైందన్నారు, ఇప్పుడే ఏమీ చేయనక్కర్లేదన్నారు. ఆ సంగతి షెడ్డులో చెబుతూ ఆయన దాదాపు సంతోషపడ్డాడు. కారణం దొరికింది కదా మరి. గోపాలకృష్ణ ఊపిరి పీల్చుకున్నాడు. కోమలవల్లి కూడా పీల్చుకుంది. అయోమయంలో ఉన్న మనుషులకు ఏదో ఒక కారణం దొరికితే చాలు, అది అసలుదా కాదా అని ఎవరూ గోకి చూడరు.

ఆ తర్వాత ముగ్గురూ కూర్చుని ఒక ఉపాయం ఆలోచించారు. ముక్క మెత్తగా వస్తోంది కాబట్టి, టెంపర్ చేసేటప్పుడు బిగువును తక్కువ దించుదాం అనుకున్నారు. సన్నటి వేడిని ఇంకా సన్నం చేశారు. కొంచెం తగ్గిస్తే యాభై నాలుగు వచ్చింది. ఇంకా తగ్గిస్తే యాభై ఏడు వచ్చింది. గోపాలకృష్ణ స్వీట్లు తెప్పించాడు.

సీమోను మాత్రం తన వాటా మిఠాయి కాగితంలోనే ఉంచి, ఆ ముక్కను పట్టుకుని నిలబడ్డాడు. ఆకురాయితో రాకాడు. మళ్ళీ రాకాడు.

"గిది మస్తు గట్టిగుందమ్మా," అన్నాడు. "రేతి జారుతున్నది. యాభై ఏడుకు గిట్ల జారదు."

రేతి అంటే ఆయన భాషలో ఆకురాయి. కోమలవల్లికి ఆ రోజు చిరాగ్గా ఉంది. ఇన్ని రోజుల తలనొప్పి ఇప్పుడే తగ్గింది, ఈయన మళ్ళీ మొదలుపెడుతున్నాడు అనిపించింది.

"మిషన్‌కు నీ మీద కోపం ఏముంటదన్నా," అంది. "అది ఉన్నది ఉన్నట్టు చెప్తది. మన చేతులే ఒకనాడు ఉన్నట్టు ఇంకొకనాడు ఉండవు."

మన చేతులు అంది కానీ, ఎవరి చేతులో ఇద్దరికీ తెలుసు. సీమోను చేతిలో ఆకురాయిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. మర్నాడు కొత్త ఆకురాయి కొనుక్కుని వచ్చాడు. పాతదాని పళ్ళు అరిగిపోయాయని, అందుకే జారుతోందని ఆయనే అందరికీ చెప్పాడు. కొత్తది కూడా జారింది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ముందుగా అంకె చెప్పడం కూడా అప్పటితో మానేశాడు. బ్లేడ్లు కాల్చి తెచ్చి బల్ల మీద పెట్టి, ఆమె ఏం చెబుతుందా అని చేతులు కట్టుకుని నిలబడేవాడు. కోమలవల్లి అది గమనించింది. గమనించి, పోనీలే, గొడవ తగ్గింది అనుకుంది. తర్వాత ఆమె తనను తాను క్షమించుకోలేకపోయింది దీని గురించే.

సరుకు బార్కస్ వెళ్ళింది. కొన్నాళ్ళు అంతా చల్లగా ఉంది.

ఒక శుక్రవారం నమాజు అయ్యాక అవద్ భాయ్ స్కూటరు మీద వచ్చాడు. లోపలికి రాగానే సలాం చెప్పే మనిషి, ఆ రోజు చెప్పలేదు. గుడ్డసంచీ విప్పి బల్ల మీద బోర్లించాడు. బ్లేడు ముక్కలు గలగలమంటూ పడ్డాయి. ఒకదానికి రెక్క లేదు, ఒకదానికి రెండు లేవు, ఒకటి నడిమికి చీలింది.

"గోపాల్ భాయ్," అన్నాడు, గొంతు పెంచకుండానే. "మెత్తగుంటె సాన పట్టుకుంటం, తిట్టుకుంటం, అయిపోతది. గివి మాంసంల బొక్క తగలంగనే బిస్కట్ లెక్క ఇరుగుతున్నయ్. మొన్న చాంద్రాయణగుట్ట దుకాణంల ఇరిగిన ముక్క ఖీమాల పోయింది. మటన్ కొట్టే కసాబు చేతికి తగిలింది కాబట్టి బచాయించినం. ఎవలన్న పిల్లగాని నోట్ల పడితే నేను ఎవలికి ముఖం చూపియ్యాలె?"

గోపాలకృష్ణ ఉన్న బ్లేడ్లన్నీ దుకాణాల నుంచి వెంటనే తీయించేయమని, కొత్తవి తామే చేసి ఇస్తామని చేతులు పట్టుకున్నంత పని చేశాడు. అప్పటికే తీయించేశానని అవద్ భాయ్ అన్నాడు. ఆయన ఇంకేం అడగలేదు, ఎట్లా జరిగిందని మాత్రం అడిగాడు.

కోమలవల్లి బల్ల మీది ముక్కలను చూసింది. మెత్తటి ఉక్కు వంగాలి. మొద్దుబారాలి. గాజులా విరిగేది గట్టి ఉక్కు. మరి మిషన్ యాభై ఏడు అని చెప్పినవి, యాభై ఏడు కంటే మెత్తగా వస్తున్నాయని తాము భయపడినవి, ఇట్లా ఎట్లా విరుగుతాయి? ఆమెకు ఒకదానికీ ఇంకోదానికీ పొంతన కుదరలేదు.

జవాబు సీమోను చెప్పాడు. ఎవరూ ఆయనను అడగలేదు.

"తప్పు నాదే భాయ్," అన్నాడు. "నా కండ్లు పోయినయ్. నా చెయ్యి గూడ పోయింది. ఇగ నాతోని గాదు."

తోలు చేతిజోళ్ళు తీసి భట్టీ పక్కన దిమ్మె మీద పెట్టాడు. గోపాలకృష్ణకు నమస్కారం పెట్టాడు. కోమలవల్లి వైపు చూసి సందులోకి నడిచాడు. ఆగన్నా అని ఆమె అనాల్సింది.  కానీ ఆగి ఏం చేయమని చెప్పాలో ఆమెకే తెలియదు. అవద్ భాయ్ కూడా వెళ్ళాక గోపాలకృష్ణ కుర్చీలో కూలబడి, మనం చెప్పాల్సిన మాట ఆయనే చెప్పాడు, అదీ ఒకందుకు మేలే అన్నాడు. బాలానగర్ వైపు ఒక మనిషి ఉన్నాడట, కబురు చేస్తానని ఫోన్ పట్టుకుని బయటికి వెళ్ళాడు.

షెడ్డులో కోమలవల్లి ఒక్కతే మిగిలింది. భట్టీ ఇంకా వేడిగానే ఉంది. ఆమె విరిగిన రెక్క ఒకటి చేతిలోకి తీసుకుంది. ఏం చేయాలో తోచని మనిషి తనకు వచ్చిన పనే చేస్తుంది. ఆమెకు కొలవడం వచ్చు. కానీ ఆ ముక్క బొటనవేలంత ఉంది. మామూలు పీట వెడల్పైనది, దాని మీద ఇది కుదురుగా నిలబడదు. చిన్న ముక్కలకు వేరే సన్న పీట ఉంటుంది. అది వేయాలంటే పెద్ద పీటను పైకి లాగి తీయాలి. దసరా నుంచి దాన్ని తీసే అవసరమే పడలేదు.

లాగింది. పీట కాడకు చుట్టుకుని, పసుపురంగు పట్టుపేలిక ఒకటి బయటికి వచ్చింది.

ఆమె దాన్ని చూడగానే చెప్పులు విడిచి, రెండు చేతులతో తీసుకుని కళ్ళకద్దుకుంది. స్వామికి కట్టి విప్పిన వస్త్రం అది. శేషవస్త్రం అంటారు. ఏటా ఆయుధపూజనాడు నాన్నగారు ఒక అంగుళం వెడల్పు ముక్క చించి ఇస్తారు, మిషన్‌కు కట్టుకోమని. ఇంతకుముందు లీవరుకు కట్టేది. ఎవరో ఒకరి నూనె చేతులు తగిలేవి. పోయినేడు ఊడి కింద పడితే గిరాకీ ఒకాయన చూసుకోకుండా తొక్కాడు. ఆ రోజు ఆమె అన్నం తినలేదు. అందుకని ఈసారి ఆలోచించి పెట్టింది. ఆ షెడ్డు మొత్తంలో ఎవరి చేయీ కాలూ తగలని చోటు, మసి లేని చోటు, తాను తప్ప ఎవరూ ముట్టని చోటు ఒక్కటే ఉంది. పీట దిగే గుంట మీద ఆ పేలికను పరిచి, పైన పీట బిగించింది. ఎంత మంచి ఆలోచన వచ్చిందో అని తనలో తాను మురిసిపోయింది కూడా.

ఇప్పుడు దాన్ని భద్రంగా రుమాలులో పెట్టి, సన్న పీట వేసి, రెక్క ముక్కను పెట్టి లీవరు తిప్పింది. అరవై రెండు.

ముక్క జరిపి మళ్ళీ చూసింది. అరవై రెండు. సన్న పీట ఏమైనా తేడా చేస్తుందేమోనని దాన్ని తీసి, పెద్ద పీట వేసి, ఈసారి నిండు బ్లేడు ఒకటి పెట్టింది. అరవై రెండు.  అప్పటికి కూడా ఆమెకు సంగతి పూర్తిగా అందలేదు. రుమాలు విప్పి, స్వామికి మనసులో దండం పెట్టుకుని, పేలికను ఎట్లా ఉండేదో అట్లాగే పరిచి, పీట బిగించి చూసింది. యాభై ఏడు. తీసి చూసింది. అరవై రెండు.

బరువు పడ్డప్పుడల్లా పీట కింద పట్టు అణుగుతోంది. పీట దిగినంతా, వజ్రం ముక్కలోకి దిగినట్టే మిషన్ లెక్క కట్టింది. యాభై ఏడు ఉన్న ముక్కను యాభై రెండు అంది. తాము దాన్ని నమ్మి, ఇంకా ఇంకా గట్టిగా చేసుకుంటూ పోయారు.

కోమలవల్లి స్టూలు మీద కూర్చుండిపోయింది. అన్న తుమ్మితే పీట తుడిచే మనిషి, పీట కింద గుడ్డ పెట్టింది. ధూళి సంగతి ఆమె మరిచిపోలేదు. ఆ రోజు కూడా పీటనూ గుంటనూ స్పిరిటుతో తుడిచాకే వస్త్రం పరిచింది. దాన్ని ఆమె ధూళి కింద ఎన్నడూ లెక్క వేయలేదు, అంతే. ఉక్కు మారిందేమో అనుకుంది, నూనె, మీటరు, బిళ్ళ, చివరికి సీమోను కళ్ళు కూడా. అన్నిటినీ వరసగా అనుమానించిన బుర్ర, ఆ ఒక్క చోటు దాకా వెళ్ళి తల వంచుకుని పక్కకు తప్పుకుంది. ఆమెకు సిగ్గుతో ఏడుపు వచ్చింది.

అన్న రాగానే చూపించింది. గోపాలకృష్ణ పేలికను, డయల్‌ను మార్చి మార్చి చూశాడు. ఇది నాన్నగారి చెవిన పడితే ఆయన తట్టుకోలేరని అన్నాడు. అవద్ భాయ్‌కీ సీమోనుకీ మిషన్‌లో స్ప్రింగు వదులైందని చెబితే సరిపోతుందని, మిషన్‌దే తప్పని తేలాక సీమోను తిరిగి వస్తాడని, అంతకన్నా ఏం కావాలని అన్నాడు. ఆ మాట కోమలవల్లికి కూడా హాయిగానే అనిపించింది. మనుషులకు హాయిగా ఉండే మాటలు వెంటనే అర్థమవుతాయి. విరిగిన రెక్కను, పేలిక ఉన్న రుమాలును సంచీలో వేసుకుని, ఎండ తగ్గకముందే బయల్దేరింది.

సీమోను ఇల్లు పురానాపూల్ దాటాక, చర్చి వెనక గల్లీలో ఉంది. కాశమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. కోమలవల్లిని చూసి లేచింది, రమ్మంది, కానీ ముఖంలో నవ్వు లేదు. సీమోను మంచం మీద కూర్చుని ఉన్నాడు. పొద్దున షెడ్డుకు వేసుకొచ్చిన చొక్కా ఇంకా విప్పలేదు.

స్ప్రింగు సంగతి ఆమె గబగబా చెప్పేసింది. మిషన్ తక్కువ చూపించిందని, ముక్కలు ఎప్పటిలాగే సరిగ్గా వచ్చాయని, తామే వాటిని చెడగొట్టామని, రేపు పొద్దున రావాలని చెప్పింది. సీమోను అంతా విని, ఆమె మీద జాలిపడినట్టు చూశాడు.

"మీరు నా మనసు కొరకు చెప్తున్నరమ్మా," అన్నాడు. "మిషన్ ఎందుకు తప్పు చెప్తది? మీరు దాన్ని దినాం ఎంత సాఫ్ జేస్తరో నాకు ఎర్కలేదా? నా చెయ్యే పోయింది. నాకు తెలుస్తుంది గద."

స్ప్రింగు అబద్ధం అక్కడితో పనికిరాకుండా పోయింది.  కోమలవల్లి రుమాలు తీసి మంచం మీద విప్పింది. దసరానాడు తాను ఏం చేసిందో, ఎందుకు చేసిందో, పొల్లు పోకుండా చెప్పింది. పేలిక పెడితే ఎంత, తీస్తే ఎంత, అది కూడా చెప్పింది. తప్పు తనదేనని, ఆ రోజు చేతుల గురించి తాను అన్న మాట తలచుకుంటే తలెత్తుకోలేకపోతున్నానని చెప్పింది. 

కాశమ్మ వంగి చూసింది. గింత పేలిక వల్లనా అని అనబోయి, అది దేవుడిదని గుర్తొచ్చి మాట మింగేసింది. కానీ కోపం మింగలేకపోయింది.

"రాత్రి గొళ్ళెం పెట్టిండో లేదో గూడ నన్నే అడుగుతున్నడమ్మా," అంది. "పెట్టినవయ్యా అంటె మల్ల లేచి చూస్తడు. కూరల ఉప్పు సరిపోయిందో లేదో నన్ను చెప్పమంటడు. నా మొగుడు గిట్లాంటోడు గాదు."

 సీమోను పేలికను ముట్టుకోలేదు. దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆయన ముఖంలో సంతోషం వస్తుందని ఆమె ఎదురుచూసింది. కోపం వచ్చినా బాగుండేది. రెండూ రాలేదు. ఏదో తెగని లెక్క వేసుకుంటున్నట్టు నుదురు ముడుచుకుని ఉన్నాడు.

"మీకు నా మీద అనుమానం వచ్చింది, సరే," అన్నాడు చివరికి. "మీ ముంగట మిషన్ ఉంది. మరి నా చేతుల రేతి ఉండె గద. జారుతున్నదని నాకు తెలుస్తనే ఉండె. అయినా నేను రేతినే మార్చిన. ఎందుకు మార్చిన? గది సమజైతలేదమ్మా నాకు."

కోమలవల్లి పేలికను రుమాలులో చుట్టి సంచీలో పెట్టుకుంటుంటే విరిగిన రెక్క చేతికి తగిలింది. తీసి ఆయనకు ఇచ్చింది. ఎందుకిచ్చిందో ఆమెకే తెలియదు.

సీమోను లేచి, కిటికీలో పెట్టిన కొత్త ఆకురాయిని తీసుకుని, గుమ్మం దగ్గర వెలుగులోకి వెళ్ళాడు. రెక్కను ఎడమ చేత్తో పట్టుకుని రాకాడు. పన్ను పట్టకుండా ఆకురాయి జర్రుమని జారింది. తిప్పి రెండో వైపు రాకాడు. మళ్ళీ అదే చప్పుడు. కాశమ్మ చేటను ఒళ్ళో పెట్టుకుని, గింజ ఏరకుండా ఆయననే చూస్తోంది.

"గట్టిగుంది," అన్నాడు సీమోను. "అరవై పైననే ఉంటది." అని ఆగి, కోమలవల్లి వైపు తిరిగాడు. "ఉంటది గదమ్మా?"

ఇన్నేళ్ళలో ఆమె డయల్ చూడకుండా ఆయనకు జవాబు చెప్పింది లేదు. అక్కడ డయల్ లేదు. ఆ చప్పుడు మాత్రం ఆమె కూడా విన్నది.

"ఉంటదన్నా," అంది.

సీమోను తల ఊపాడు. ఊపి, ఆకురాయి పెట్టి ఇంకోసారి రాకి చూసుకున్నాడు.